‘వస్తానన్నాడు’ – ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి?



ఈ నెల హైస్కూల్ పిల్లల గ్రామర్ నోటుబుక్కులు దిద్దుతుంటే ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనబడింది. ప్రశ్న ఇది: రవి సెడ్, “ఐ విల్ కమ్ టుమారో.” దీన్ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్చమంటే చాలామంది రాసిన జవాబు, “రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.” రూల్స్ చెప్పమంటే ఇదే పిల్లలు తడుముకోకుండా అప్పజెబుతారు. రాసేటప్పుడు మాత్రం చెయ్యి అటే పోతుంది. ఎందుకలా పోతుందో తెలిస్తే ఇంట్లో మీరు సులువుగా సరిదిద్దగలరని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇది మన పత్రికలో తెలుగు పేజీ కాబట్టి ఇంగ్లీష్ వాక్యాలను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా చదివి పిల్లల్ని అడగడానికి వీలుగా ఉంటుంది.

ముందుగా పేరు సంగతి. మీరు చదువుకున్న రోజుల్లో దీన్ని డైరెక్ట్ స్పీచ్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అనేవారు. ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌నే ఇప్పుడు రిపోర్టెడ్ స్పీచ్ అంటున్నాం. ఒక మనిషి అన్న మాటను అన్నది అన్నట్టుగా ఇన్వర్టెడ్ కామాల మధ్య పెడితే డైరెక్ట్ స్పీచ్. ఆ మాటలోని సంగతిని మన నోటితో మనం చెబితే రిపోర్టెడ్ స్పీచ్. పదో తరగతి పరీక్షలో ఇలా మార్చమనే ప్రశ్న వస్తూ ఉంటుంది కాబట్టి మార్కుల కోసమైనా నేర్చుకోవాల్సిందే. కానీ ఇందులో ఉన్నది మార్కులొక్కటే కాదు. దానికి కాసేపట్లో వస్తాను.

“రవి వస్తానన్నాడు” అనే మాటను విడదీసి చూడండి. వస్తాను, అని, అన్నాడు. ఇందులో ‘వస్తాను’ రవి నోట్లోంచి వచ్చిన మాట. చివర ఉన్న ‘ను’ రవి తన గురించి తాను చెప్పుకున్నదానికి గుర్తు. దాన్ని మనం మార్చకుండా అలాగే తెచ్చి ‘అన్నాడు’కు అతికించాం. అంటే తెలుగులో రిపోర్టెడ్ స్పీచ్ చెబుతున్నప్పుడు కూడా లోపల డైరెక్ట్ స్పీచ్ సగం అలాగే ఉండిపోతుంది. మన పిల్లలు పుట్టినప్పటి నుంచి వింటున్నది ఈ పద్ధతినే. కాబట్టి ఇంగ్లీష్‌లో “సెడ్ దట్ ఐ విల్ కమ్” అని రాసిన పిల్లవాడు బద్ధకంతో రాయలేదు. తెలుగులో సరైన పద్ధతినే ఇంగ్లీష్‌లో కూడా వాడాడు. చిక్కేమిటంటే, ఆ ఇంగ్లీష్ వాక్యం చదివినవాళ్లు రేపు రాబోయేది రవి కాదు, ఆ వాక్యం రాసిన పిల్లవాడే అనుకుంటారు.

ఇంకో విశేషం చూడండి. “రవి వస్తానన్నాడు” అంటే రవే వస్తాడు. “రవి వస్తాడన్నాడు” అంటే వచ్చేది ఇంకెవరో. ఒక్క అక్షరం తేడాతో ఎవరొస్తారో మనకు స్పష్టంగా తెలిసిపోతోంది. ఇంగ్లీష్‌లో ఈ రెండింటికీ ఒకటే వాక్యం: “రవి సెడ్ దట్ హి వుడ్ కమ్.” ఆ ‘హి’ రవినా, వాళ్ల అన్నయ్యనా అన్నది ముందు వెనకల వాక్యాలను బట్టి తెలుసుకోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో మన భాషే ఎక్కువ జాగ్రత్త గలదని క్లాసులో చెబితే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. ఇంగ్లీష్ ముందు తెలుగు తక్కువన్న భావం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఆరో తరగతి వచ్చేసరికే కొందరి మనసుల్లో నాటుకుపోయి ఉంటోంది.

తెలుగు పుస్తకంలో మీ పిల్లలు ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అనే పాఠం చదువుతారు. అదీ ఇదీ ఒకటే పాఠం. “నేను రేపు వస్తాను” అని రవి అన్నాడు అన్నది ప్రత్యక్ష కథనం. తాను మర్నాడు వస్తానని రవి అన్నాడు అన్నది పరోక్ష కథనం. నేను పోయి ‘తాను’ వచ్చింది, మేము పోతే ‘తాము’ వస్తుంది. రేపు పోయి ‘మర్నాడు’ వచ్చింది. కానీ ‘వస్తాను’ కదల్లేదు. తెలుగు పీరియడ్‌లో ఒకరు, ఇంగ్లీష్ పీరియడ్‌లో ఇంకొకరు చెప్పడం వల్ల ఈ రెండు పాఠాలను పిల్లలు కలిపి చూడరు. ఇంట్లో ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి చూపించండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంగ్లీష్‌లో ‘తాను’ లాంటి మాట లేదు. దాని బదులు హి, షి, దే వాడుకోవాలి. ఏ మాట దేనిగా మారాలో గుర్తుండడానికి క్లాసుల్లో ‘సన్’ అనే చిట్కా చెబుతారు. ఎస్, ఓ, ఎన్. ఐ, వి లాంటి ఫస్ట్ పర్సన్ మాటలు సబ్జెక్టును బట్టి, అంటే మాట అన్నవాళ్లను బట్టి మారతాయి. యు అనే సెకండ్ పర్సన్ ఆబ్జెక్టును బట్టి, అంటే విన్నవాళ్లను బట్టి మారుతుంది. థర్డ్ పర్సన్‌కు నో ఛేంజ్. చిట్కా మంచిదే. కానీ మాట అన్నది ఎవరు, విన్నది ఎవరు, ఇప్పుడు చెబుతున్నది ఎవరు అనే మూడు ప్రశ్నలు వేసుకోకుండా వాడితే పనిచేయదు.

ఇది తేలిగ్గా అర్థం కావడానికి మన ఊరి సంగతే తీసుకుందాం. 2015 నుంచి ఈ 29 గ్రామాల్లో ఎక్కువగా వినబడిన మాట ఏదని అడిగితే ‘ఇస్తామన్నారు’ అనే చెబుతాను. ల్యాండ్ పూలింగ్‌లో భూమి ఇచ్చిన రైతుకు మెట్ట అయితే ఎకరాకు ఏడాదికి 30,000 రూపాయలు, జరీబు అయితే 50,000 రూపాయలు కౌలుగా, ఏటా 10 శాతం పెంచుతూ పదేళ్లపాటు ఇస్తామన్నారు. ఈ సంగతిని చిన్న ఇంగ్లీష్ వాక్యంగా మార్చి నేను క్లాసులో బోర్డు మీద రాస్తాను: ది ఆఫీసర్స్ సెడ్ టు ద ఫార్మర్స్, “వి విల్ పే యు ఎవ్రీ ఇయర్.”

ఇప్పుడు దీన్ని రైతు చెబితే: “ది ఆఫీసర్స్ టోల్డ్ అస్ దట్ దే వుడ్ పే అస్ ఎవ్రీ ఇయర్.” అదే సంగతి ఆఫీసరు తన పై అధికారికి చెబితే: “వి టోల్డ్ ద ఫార్మర్స్ దట్ వి వుడ్ పే దెమ్ ఎవ్రీ ఇయర్.” ఊరితో సంబంధం లేని విలేకరి రాస్తే: “ది ఆఫీసర్స్ టోల్డ్ ద ఫార్మర్స్ దట్ దే వుడ్ పే దెమ్ ఎవ్రీ ఇయర్.” మాట ఒకటే. నోరు మారేసరికి వి, యు అన్నవి మూడు రకాలుగా మారాయి. పరీక్షలో మూడో రకమే అడుగుతారు, ఎందుకంటే అక్కడ చెబుతున్నది ఎవరో మనకు తెలియదు. జీవితంలో మిగతా రెండూ ఎక్కువ అవసరం.

అదే బోర్డు మీద ఇంకో జత కూడా రాస్తాను. “దే సెడ్ దట్ దే వుడ్ పే.” “దే సెడ్ దట్ దే హ్యాడ్ పెయిడ్.” మొదటిది ఇస్తామన్నారు. రెండోది ఇచ్చామన్నారు. వినడానికి రెండూ పాస్ట్ టెన్స్ లాగే ఉంటాయి. ఇచ్చామన్నదాన్ని ఇస్తామన్నట్టుగా చదువుకున్నవాళ్లు బ్యాంకు పాస్‌బుక్ చూసుకోకుండా ఇంట్లో కూర్చుంటారు. మన ఇళ్లల్లో చాలామంది తాతయ్యలకు వచ్చే ఇంగ్లీష్ కాగితాలు చదివి చెప్పేది మీ పిల్లలే. వుడ్ పే, హ్యాడ్ పెయిడ్ మధ్య తేడా వాళ్లకు తెలియాల్సిన అవసరం పరీక్ష హాలులో కంటే ఇంటి అరుగు మీదే ఎక్కువ. అన్న మాట తర్వాత నిలబడిందా లేదా అన్నది మాత్రం ‘వుడ్’ చెప్పదు. ఆ మాట అన్నారని మాత్రమే చెబుతుంది.

ఇక టెన్స్ ఎందుకు మారుతుందన్న ప్రశ్న. పిల్లలు ఎక్కువ భయపడేది దీనికే. రెండు గడియారాలు ఉన్నాయనుకోండి. ఒకటి మాట అన్నప్పటి గడియారం. రెండోది మనం దాన్ని ఇంకొకరికి చెబుతున్నప్పటి గడియారం. నాన్న సోమవారం గుంటూరు మిర్చి యార్డు నుంచి ఫోన్ చేసి, “లారీ ఇంకా క్యూలోనే ఉంది” అన్నారు. బుధవారం మీ అమ్మాయి ఆ సంగతి స్నేహితురాలికి చెబుతోంది. తెలుగులో “లారీ ఇంకా క్యూలోనే ఉందన్నారు” అంటుంది. ‘ఉంది’ మారలేదు. తెలుగు నాన్న గడియారాన్నే నమ్ముకుంటుంది. ఇంగ్లీష్ అలా కాదు, చెప్పేవాళ్ల గడియారం ప్రకారం నడుస్తుంది. బుధవారం నుంచి చూస్తే సోమవారం వెనక్కి వెళ్లిపోయింది కాబట్టి ‘ఈజ్’ కూడా వెనక్కి వెళ్లి ‘వాజ్’ అవుతుంది: “నాన్న సెడ్ దట్ ద లారీ వాజ్ స్టిల్ ఇన్ ద క్యూ.”

ఇది పట్టుబడితే మిగతావన్నీ ఒక మెట్టు వెనక్కి దిగడమే. విల్ పోయి వుడ్, క్యాన్ పోయి కుడ్, మే పోయి మైట్, హ్యాజ్ లేదా హావ్ పోయి హ్యాడ్. మస్ట్ సాధారణంగా హ్యాడ్ టు అవుతుంది. ముందే పాస్ట్‌లో ఉన్న మాట ఇంకో మెట్టు దిగి హ్యాడ్ చేర్చుకుంటుంది. “వి పిక్‌డ్ కాటన్ యెస్టర్‌డే” అన్న కూలీల మాట “దే సెడ్ దట్ దే హ్యాడ్ పిక్‌డ్ కాటన్ ద డే బిఫోర్” అవుతుంది. ముందే హ్యాడ్ ఉంటే దిగడానికి మెట్లు లేవు, అక్కడే ఉండిపోతుంది. వుడ్, కుడ్, షుడ్, మైట్ కూడా అంతే.

వెనక్కి దిగనక్కర్లేని చోట్లు రెండున్నాయి. రిపోర్టింగ్ వెర్బ్ సెడ్ కాకుండా సెస్ అయితే రెండు గడియారాలూ ఒకటే సమయం చూపిస్తున్నట్టు, టెన్స్ మారదు. ఎప్పటికీ నిజమైన సంగతి అయినా మార్చరు. “ద టీచర్ సెడ్ దట్ ద కృష్ణా ఫ్లోస్ ఇంటు ద బే ఆఫ్ బెంగాల్.” కృష్ణా నిన్నా బంగాళాఖాతంలోనే కలిసింది, ఇవాళా అక్కడే కలుస్తోంది.

కొందరు తల్లిదండ్రులు ఇంకో ప్రశ్న అడిగారు. “ఇంగ్లీష్ సినిమాల్లో హి సెడ్ హి ఈజ్ కమింగ్ అంటున్నారు కదా, మరి మీరు ఈజ్ కొట్టేసి వాజ్ రాయిస్తున్నారేంటి?” మంచి ప్రశ్న. అన్న సంగతి ఇప్పటికీ నిజంగానే ఉంటే, అంటే అతను ఇంకా దారిలోనే ఉంటే, మాట్లాడేటప్పుడు ఈజ్ అనడం తప్పు కాదు. ఇంగ్లీష్ వాళ్లు రోజూ అలాగే అంటారు. పరీక్ష పేపర్లో మాత్రం అతను ఇంకా దారిలో ఉన్నాడో లేదో మనకు తెలియదు కాబట్టి మార్చి రాయడమే క్షేమం. మాట్లాడేటప్పుడు ‘ఈజ్’ అన్న పిల్లల్ని దయచేసి ఆపి సరిదిద్దకండి.

టుడే పోయి దట్ డే, టుమారో పోయి ద నెక్స్ట్ డే, యెస్టర్‌డే పోయి ద డే బిఫోర్, హియర్ పోయి దేర్, నౌ పోయి దెన్. ఈ జాబితాను పిల్లలు ఎక్కాల్లా బట్టీ పడతారు. బట్టీ పట్టడం దేనికని అడగను గానీ, ఎందుకో తెలిసి పడితే బాగుంటుంది. మన ప్రాంతంలో చాలా ఇళ్లల్లో ఒకరైనా అమెరికాలో ఉన్నారు కాబట్టి ఆ ఉదాహరణే చెబుతాను. జూన్‌లో ఒక సోమవారం రాత్రి 9 గంటలకు డల్లాస్ నుంచి అన్నయ్య ఫోన్ చేసి, “మై ఎగ్జామ్ ఈజ్ టుమారో” అన్నాడు. అప్పుడు తుళ్లూరులో మంగళవారం ఉదయం 7.30. ఫోన్ పెట్టేసి చెల్లి వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు ఏమని చెప్పాలి? అన్నయ్య ‘రేపు’ అంటే మంగళవారం. మనకు ఇప్పటికే మంగళవారం వచ్చేసింది. “అన్నయ్య సెడ్ దట్ హిజ్ ఎగ్జామ్ ఈజ్ టుడే” అంటేనే అమ్మ ఇవాళ దేవుడికి దీపం పెడుతుంది. జాబితా ప్రకారం “ద నెక్స్ట్ డే” అంటే అమ్మ బుధవారం పెడుతుంది, ఈలోగా పరీక్ష అయిపోతుంది. జాబితా తప్పని కాదు. ఎప్పుడు, ఎక్కడి నుంచి చెబుతున్నామో తెలియనప్పుడు పనికొచ్చే జాబితా అది. సంగతి విన్న రోజే, విన్న చోటే ఇంకొకరికి చెబితే టుమారో టుమారోగానే ఉంటుంది.

‘వి’ దగ్గర కూడా ఒక చిన్న మెలిక ఉంది. మనకు మేము, మనం అని రెండున్నాయి. ఇంగ్లీష్‌లో రెండింటికీ ‘వి’ ఒక్కటే. ద కెప్టెన్ సెడ్, “వి విల్ విన్.” ఈ సంగతి చెప్పేది ఆ జట్టులోని పిల్లవాడైతే “వి వుడ్ విన్”, పక్కన చూస్తున్నవాడైతే “దే వుడ్ విన్.” మనంలో తానూ ఉన్నాడా అని అడిగితే పిల్లలే చెప్పేస్తారు.

ఇప్పటిదాకా చెప్పినదానికంటే పెద్ద చిక్కు ‘అని’ అనే మాటతో వస్తుంది. తెలుగులో అది అన్ని పనులూ చేస్తుంది. వస్తానని చెప్పాడు, వస్తావా అని అడిగాడు, ఎక్కడికని అడిగాడు, రా అని పిలిచాడు, అబ్బా అని అరిచాడు. పిల్లలకు ‘అని’ అంటే ‘దట్’ అని ఒకసారి చెప్పాం. దాంతో ఎక్కడ ‘అని’ వినబడినా దట్ పెట్టేస్తున్నారు. “హి ఆస్క్‌డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్” అనే వాక్యం అలా పుట్టిందే. ఇంగ్లీష్‌లో మామూలు సంగతికి మాత్రమే దట్. ప్రశ్నలకు, ఆజ్ఞలకు వేరే దారులున్నాయి.

ప్రశ్నల విషయంలో మన భాషలోనే ఒక మంచి తాళం చెవి ఉంది. అది ‘ఓ’. “నువ్వు ఎక్కడుంటావు?” అని ఆఫీసరు అడిగాడు. దీన్నే మనం “నేను ఎక్కడుంటానో అడిగాడు” అని కూడా అంటాం. ‘ఉంటాను’కి ఓ చేరగానే అది ప్రశ్నలా వినబడడం మానేసింది, ప్రశ్నార్థకం గుర్తు కూడా పోయింది. ఇంగ్లీష్‌లోనూ ఇదే జరుగుతుంది. “వేర్ డు యు లివ్?” అన్నది “ది ఆఫీసర్ ఆస్క్‌డ్ మి వేర్ ఐ లివ్‌డ్” అవుతుంది. డు ఎగిరిపోయింది, మాటల వరస మామూలు వాక్యంలా అయిపోయింది. “వాట్ ఈజ్ యువర్ నేమ్?” అన్నది “వాట్ మై నేమ్ వాజ్” అవుతుంది. మన పిల్లలు “వాట్ వాజ్ మై నేమ్” అని రాస్తారు. తెలుగులో ప్రశ్నకైనా జవాబుకైనా మాటల వరస మారదు కాబట్టి ఇక్కడ వరస మార్చాలన్న ఆలోచనే వాళ్లకు రాదు. ‘ఓ’ పెట్టి తెలుగులో ఒకసారి చెప్పించి, అప్పుడు ఇంగ్లీష్‌లో రాయించండి.

అవును, కాదు అని జవాబు చెప్పే ప్రశ్నలకు ఇఫ్ లేదా వెదర్ వాడాలి. దానికి తెలుగు ‘ఓ లేదో’. అమ్మ “తిన్నావా?” అని అడిగింది. నేను తిన్నానో లేదో అడిగింది. “అమ్మ ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ హ్యాడ్ ఈటెన్.” ఇఫ్ అంటే ‘అయితే’ అని మాత్రమే నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ ‘ఓ లేదో’ అనే అర్థం కూడా ఉందని చెప్పాలి.

ఆజ్ఞలు ఇంకా సులువు. రమ్మన్నారు, చదవమన్నారు, వెళ్లొద్దన్నారు. ఈ ‘మన్నారు’ ఎక్కడ వినబడితే అక్కడ ఇంగ్లీష్‌లో ‘టు’ వస్తుంది. “టోల్డ్ మి టు కమ్”, “టోల్డ్ మి టు రీడ్.” ‘వొద్దన్నారు’ అయితే “నాట్ టు.” డాడీ సెడ్ టు మి, “డోంట్ గో నియర్ ద కెనాల్” అన్నది “డాడీ టోల్డ్ మి నాట్ టు గో నియర్ ద కెనాల్” అవుతుంది. ఇక్కడ టెన్స్ గొడవే లేదు. ఒక్క జాగ్రత్త, “సెడ్ మి” అని ఎప్పుడూ రాయకూడదు. సెడ్ అంటే అన్నాడు, టోల్డ్ అంటే చెప్పాడు అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. టోల్డ్ తర్వాత ఎవరికి చెప్పాడో వెంటనే రావాలి.

సెడ్, టోల్డ్ బదులు రిక్వెస్టెడ్, ఆర్డర్డ్, అడ్వైజ్డ్, వార్న్‌డ్ లాంటివి ఎంచుకోమంటాం. తెలుగులో మనం బతిమాలాడు, కసిరాడు, దబాయించాడు, హెచ్చరించాడు అనమా? అదే. ఏ గొంతుతో అన్నారో ఆ మాట చెప్పేయాలి. ఇది వినడానికి చిన్న సంగతే గానీ, బడి నుంచి ఇంటికి చేరే సమాచారంలో చాలా తేడా తెస్తుంది. “మార్కులు తగ్గాయి, రోజూ కాస్త ఎక్కువసేపు చదువు” అని టీచర్ నెమ్మదిగా చెప్పిన మాట ఇంటికి చేరేసరికి “సార్ తిట్టారు” అవుతుంది. రాత్రికి వాట్సాప్ గ్రూపులో “మా అబ్బాయిని అందరి ముందూ తిట్టారంట” అవుతుంది. ఆ పిల్లవాడు అబద్ధం చెప్పలేదు. అడ్వైజ్డ్ అనాల్సిన చోట స్కోల్డెడ్ అనే మాట ఎంచుకున్నాడు. అలాంటప్పుడు “సార్ అన్న మాట అన్నట్టే చెప్పు” అని డైరెక్ట్ స్పీచ్‌లో అడిగి చూడండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. ఒకవేళ నిజంగానే తిట్టి ఉంటే అదీ అక్కడే తేలుతుంది, అప్పుడు మీరు తప్పకుండా వచ్చి మాట్లాడాలి.

పై పేరాలో ‘అంట’ అనే మాట చూశారుగా. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ “రేపు సెలవంట” అని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఎవరన్నారు? తెలియదు. తెలుగులో అంట, ట అని చివర ఒక్క ముక్క చేరిస్తే చాలు, ఇది నా మాట కాదు, ఎవరో అనగా విన్నాను అని అర్థం వచ్చేస్తుంది. ఎవరో చెప్పనక్కర్లేదు. ఇంగ్లీష్‌లో అంత చిన్న ముక్క లేదు. ఐ హియర్డ్ దట్ అనో, దే సే దట్ అనో, సమ్‌వన్ టోల్డ్ మి దట్ అనో ముందు చెప్పుకోవాలి. పత్రికలవాళ్లు రిపోర్టెడ్లీ అని రాసేది మన ‘అంట’నే.

మనకు దగ్గర్లో నేలపాడులో హైకోర్టు ఉంది. అక్కడ వాడే సాక్ష్యం చట్టాల్లో కూడా ఈ తేడాకు చోటుంది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ ప్రకారం నోటితో చెప్పే సాక్ష్యం డైరెక్ట్‌గా ఉండాలి. చూసిన సంగతి చూసినవాళ్లే వచ్చి చెప్పాలి, విన్న సంగతి విన్నవాళ్లే చెప్పాలి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ ఆ సూత్రం ఉంది. ‘అంట’తో పనయ్యే చోటు కాదది. లా చదవాలనుకునే పిల్లలుంటే ఈ సంగతి చెప్పండి, గ్రామర్ మీద వాళ్లకు కాస్త గౌరవం కలుగుతుంది.

హుర్రే, అలాస్ లాంటి ఎక్స్‌క్లమేటరీ వాక్యాల గురించి ఎక్కువ చెప్పను. “హి ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్ దట్ దే హ్యాడ్ వన్ ద మ్యాచ్” అని రాస్తే మార్కు వస్తుంది. బయట ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. పరీక్ష ముందు రోజు ఒకసారి చూసుకుంటే చాలు.

పేరెంట్స్ మీటింగులో తరచూ వచ్చే ప్రశ్న, “ఇంగ్లీష్ రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలా?” నా జవాబు, వద్దు. ఈ పాఠం వరకైతే తెలుగు బాగా వచ్చిన పిల్లలకే ఇది త్వరగా వస్తోంది. వస్తానన్నాడు, వస్తాడన్నాడు మధ్య తేడా చెవికి తెలిసినవాళ్లకు ‘హి’ ఎవరో ఆలోచించడం కూడా తెలుస్తుంది. ఇంట్లో రోజుకు ఐదు నిమిషాలు చాలు. అన్నాలు తినేటప్పుడు “ఇవాళ తాతయ్య ఫోన్లో ఏమన్నారు?” అని అడగండి. ముందు తెలుగులో చెప్పనివ్వండి, తర్వాత అదే ఇంగ్లీష్‌లో. మీకు ఇంగ్లీష్ రాకపోయినా పరవాలేదు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడన్నారు అని అడగడం మీకు వచ్చు. ఇంట్లో ఇంగ్లీష్ పేపరు వేయించుకుంటుంటే ‘సెడ్’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికించి, ఆ మనిషి అసలు ఏమని ఉంటాడో కొటేషన్లలో వెనక్కి రాయించండి. వెనక్కి రాయడం ముందుకు రాయడం కంటే కష్టం, అందుకే మంచి సాధన.

ఈ వారం ప్రయత్నించడానికి మూడు వాక్యాలు. మొదటిది: అమ్మమ్మ ఆస్క్‌డ్ మి, “వెన్ విల్ యు కమ్ టు అవర్ విలేజ్?” రెండోది: ద డ్రైవర్ సెడ్ టు ద చిల్డ్రన్, “డోంట్ పుట్ యువర్ హ్యాండ్స్ అవుట్‌సైడ్ ద బస్.” మూడోది: సీత సెడ్ టు లత, “మై బ్రదర్ హ్యాజ్ టేకన్ యువర్ సైకిల్.” మొదటిదానికి జవాబు, “అమ్మమ్మ ఆస్క్‌డ్ మి వెన్ ఐ వుడ్ కమ్ టు దెయిర్ విలేజ్.” రెండోదానికి, “ద డ్రైవర్ టోల్డ్ ద చిల్డ్రన్ నాట్ టు పుట్ దెయిర్ హ్యాండ్స్ అవుట్‌సైడ్ ద బస్.” మూడోదానికి, “సీత టోల్డ్ లత దట్ హర్ బ్రదర్ హ్యాడ్ టేకన్ హర్ సైకిల్.” అన్నయ్య ఎవరి అన్నయ్య, సైకిల్ ఎవరి సైకిల్ అని మీ పిల్లల్ని అడగండి. ఇంగ్లీష్ వాక్యంలో రెండుచోట్లా ‘హర్’ అనే ఉంది కాబట్టి చూసి చెప్పలేరు. అదే తెలుగులో “తన అన్నయ్య నీ సైకిల్ తీసుకెళ్లాడని సీత లతతో చెప్పింది” అన్నారంటే, ‘నీ’ని కూడా మార్చాలని ఒకసారి గుర్తుచేయండి.